ప్లేట్‌లెట్లు ముద్దకట్టినప్పుడు: మళ్లీ పర్పుల్ ట్యూబా, బ్లూ ట్యూబా, వేలి రక్తమా?

ఈశాన్య రుతుపవనాలు మొదలై కావలి, కందుకూరు వీధుల్లో నీళ్లు నిలిచే రోజుల్లో మన ల్యాబుల ముందు బెంచీలు ఖాళీగా ఉండవు. జ్వరమొస్తే చాలు, ఇంటిల్లిపాదీ అడిగే మొదటి మాట "ప్లేట్‌లెట్లు ఎన్నున్నాయి?" అనే. అలాంటి సాయంత్రం రక్తకణాలు లెక్కపెట్టే మిషన్ (సెల్ కౌంటర్) 42 వేలు అని చూపించి, పక్కనే క్లంప్స్ అనే ఫ్లాగ్ వేస్తే, అంటే కణాలు ముద్దకట్టాయి, లెక్క తప్పి ఉండొచ్చని హెచ్చరిస్తే, ఏం చేయాలి?

ఒకసారి నేను ఏమీ చేయలేదు. కొండాపురం వైపు నుంచి వచ్చిన నిండు గర్భిణి. జ్వరం లేదు, ఒంటి మీద ఎర్ర మచ్చ లేదు, చిగుళ్లలో రక్తం లేదు. మిషన్ 42 వేలు అంది, నేను అదే రాసి సంతకం పెట్టాను. డాక్టరమ్మ భయపడి రాత్రికి రాత్రే నెల్లూరు పంపించారు. కారు బాడుగ, అడ్వాన్సు, రక్తం ఇవ్వడానికి ఇద్దరు బంధువులు. అక్కడ ఎవరో స్లయిడ్ చూశారు. స్లయిడ్ మీద పరిచిన రక్తపు పొర చివర, తోక అంచు నిండా ప్లేట్‌లెట్ల ముద్దలు! సిట్రేట్ మందుండే బ్లూ ట్యూబులో తీసి చూస్తే లక్షా తొంభై వేలు. ఆ స్లయిడ్ నా దగ్గరే, నా మైక్రోస్కోపు కిందే చూడాల్సింది. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలు నేను పెట్టనందుకు ఆ కుటుంబం ఒక రాత్రంతా ఏడ్చింది.

అప్పట్నుంచి ఈ విషయంలో దొరికిన మార్గాలన్నీ చేసి చూస్తూ వచ్చాను. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చిన్న ల్యాబు నడిపేవాళ్లకి, కలెక్షన్ సెంటర్లలో రక్తం తీసేవాళ్లకి, ఆసుపత్రి ల్యాబులో రాత్రి డ్యూటీలో ఒంటరిగా ఉండేవాళ్లకి ఏ మార్గం ఎప్పుడు పనికొస్తుందో చెప్పాలని ఇది రాస్తున్నాను.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు ప్రశ్న: రోగి ఇంకా బెంచీ మీద కూర్చునే ఉన్నారా, ఊరికి బస్సెక్కేశారా? మిగతా లెక్కలన్నీ దీని తర్వాతే. మనిషి ఎదురుగా ఉంటే మన చేతిలో అరడజను దారులుంటాయి. ఉదయగిరి బస్సు కదిలిపోయాక మిగిలేవి రెండే.

రెండోది, ముద్ద ఎక్కడ పుట్టింది అన్నది. రక్తం తీయడంలో తప్పు జరిగి పుట్టిందా, రక్తం గడ్డకట్టకుండా పర్పుల్ ట్యూబులో ఉండే ఇడిటిఎ మందు వల్ల పుట్టిందా? మొదటిదైతే మళ్లీ జాగ్రత్తగా తీస్తే పోతుంది. రెండోదైతే అదే ట్యూబులో పదిసార్లు తీసినా మళ్లీ ముద్దే.

మూడోది, డాక్టరు ఆ కౌంట్‌తో ఏం చేయబోతున్నారు? మామూలు పరీక్ష అయితే "ప్లేట్‌లెట్లు సరిపడా ఉన్నాయి" అన్న మాట చాలు. సిజేరియన్‌కి వెన్నులో మత్తు ఇవ్వాలన్నా, డెంగీ రోగికి ప్లేట్‌లెట్లు ఎక్కించాలా అని ఆలోచిస్తున్నా కచ్చితమైన అంకె కావాలి. రక్తస్రావం లేని డెంగీ రోగికి 10 వేల లోపు పడితేనే ముందుజాగ్రత్తగా ఎక్కించే ఆలోచన చేయాలని మన జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంటే 42 వేలు నిజమే అయినా అంత హడావిడి అక్కర్లేదు. కానీ కాగితం మీద 42 వేలు చూసిన కుటుంబం ఆగదు, అది మనందరికీ తెలిసిందే.

ఇక మిషన్ ఏది, ట్యూబుల్ని వెచ్చగా ఉంచే నీళ్ల బాత్ ఉందా, స్లయిడ్ చూడగల కళ్లున్నాయా అన్నవి ఆ తర్వాతి మాటలు.

ముద్దా, గడ్డా? ముందు ఇది తేల్చండి

ఏ మార్గం పట్టాలన్నా ఈ మెట్టు దాటాలి. ట్యూబు మూత తీసి చెక్కపుల్లతో అడుగుదాకా మెల్లగా తిప్పి చూడండి. పుల్లకి దారంలాంటి గడ్డ చుట్టుకుంటే ఆ శాంపిల్ పారేయాల్సిందే. దాని హిమోగ్లోబిన్ బాగానే ఉంది కదా అని కూడా వాడొద్దు. గడ్డ అంటే రక్తం నిజంగా గడ్డకట్టడం మొదలైందన్న మాట. అది ప్లేట్‌లెట్లని మింగేస్తుంది, ఏ చిట్కాతోనూ తిరిగి రావు. మన దగ్గర ఇప్పటికీ చాలాచోట్ల సిరంజితో లాగి, మూత తీసి ట్యూబులో పోస్తారు. నరం సరిగా దొరక్క సూది లోపల తిప్పితే, లాగిన రక్తాన్ని సిరంజిలోనే ఉంచి బిల్లు రాయడానికి వెళ్తే, ట్యూబుని ఎనిమిది పది సార్లు తలకిందులు చేయకుండా స్టాండులో పెడితే గడ్డ అక్కడే పుడుతుంది.

గడ్డ లేదంటే స్లయిడ్ వేయండి. కణాలు కనపడేలా రంగు వేసి ముందు చిన్న లెన్సుతో తోక అంచు, పక్క అంచులు చూడండి. ముద్దలు అక్కడికే కొట్టుకుపోతాయి. నడుమ మాత్రమే చూసి "ప్లేట్‌లెట్లు తక్కువే" అని రాసేవాళ్లు ఇక్కడే పొరబడతారు. న్యూట్రోఫిల్ అనే తెల్ల కణం చుట్టూ ప్లేట్‌లెట్లు దండలా అతుక్కుని కనిపిస్తే అదీ ఇడిటిఎ వల్లే, కౌంట్ అదీ తగ్గిస్తుంది.

మిషన్ గ్రాఫు కూడా మాట్లాడుతుంది. ప్లేట్‌లెట్ గీత మామూలుగా 20 ఫెమ్టోలీటర్లు (కణం సైజు కొలత) దాటాక నేలకి దిగాలి. రంపపు పళ్లలా ఎగుడుదిగుడుగా ఉండి దిగకపోతే అనుమానించండి. ఇంకో సంగతి, పెద్ద ముద్దల్ని మిషన్ తెల్ల కణాలుగా లెక్కేస్తుంది. ప్లేట్‌లెట్లు అకారణంగా తక్కువ, తెల్ల కణాలు అకారణంగా ఎక్కువ అనిపిస్తే రెండూ ఒకే తప్పు కావచ్చు. జ్వరం లేని మనిషికి తెల్ల కణాలు 16 వేలు చూపించి యాంటీబయాటిక్ రాయించిన సందర్భాలకి మూలం ఇదే.

ఇడిటిఎ ఎందుకిలా చేస్తుంది

ఒక్క పేరా చాలు, కానీ ఇది తెలిస్తే మార్గాలన్నీ అర్థమవుతాయి. ఇడిటిఎ రక్తంలోని కాల్షియంని పట్టేస్తుంది. కాల్షియం పోగానే ప్లేట్‌లెట్ పైపొర మీది ఒక ప్రొటీన్ జంట రూపు మారి, అప్పటిదాకా దాగి ఉన్న భాగం బయటపడుతుంది. కొందరి రక్తంలో ఆ భాగాన్ని పట్టుకునే యాంటీబాడీలు ముందే ఉంటాయి. అవి ప్లేట్‌లెట్లని ఒకదానికొకటి అతికిస్తాయి. ఒంట్లో ఇది జరగదు, ట్యూబులోనే జరుగుతుంది. అందుకే ఆ మనిషికి రక్తస్రావం ఉండదు. సుమారు వెయ్యి మందిలో ఒకరికి ఇలా ఉంటుంది. సమయం గడిచేకొద్దీ, చల్లబడేకొద్దీ ముద్దలు పెరుగుతాయి. ఈ రెండు మాటలు గుర్తుంచుకోండి: సమయం, చల్లదనం.

మార్గం 1: మళ్లీ పర్పుల్ ట్యూబు, వెంటనే మిషన్‌లోకి

తీసిన తీరు సరిగా లేదని అనుమానం ఉంటే ఇదే మొదటిది. వేరే చేయి, మంచి నరం, ఒక్క పోటు, ట్యూబు గీత వరకు రక్తం, మెల్లగా తలకిందులు, నేరుగా మిషన్. రెండు మూడు నిమిషాల్లో కౌంట్ పెట్టగలిగితే ఇడిటిఎ ముద్దల వాళ్లలోనూ కొందరికి సరైన అంకె వస్తుంది, ఎందుకంటే ముద్ద కట్టడానికి సమయం దొరకదు. అదే ట్యూబుని అరగంట తర్వాత మళ్లీ పెట్టి చూడండి. 1,70,000 ఉన్నది 90,000కి జారితే దొంగ దొరికినట్టే. ఈ చిన్న పరీక్షకి రూపాయి ఖర్చు లేదు, నాకు చాలా ఇష్టమైనది.

మార్గం 2: బ్లూ ట్యూబు

చాలామందికి ఇదే సరైన ఎంపిక. రక్తం గడ్డకట్టే సమయం చూసే పిటి పరీక్షకి వాడే 3.2 శాతం సోడియం సిట్రేట్ ట్యూబే. ఎక్కడైనా దొరుకుతుంది. కానీ దీన్ని తప్పుగా వాడేవాళ్లే ఎక్కువ, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ట్యూబులో 0.3 మిల్లీలీటర్ల మందు ద్రవం ముందే ఉంటుంది. 2.7 మిల్లీలీటర్ల రక్తం పోయాలి. తొమ్మిది పాళ్లు రక్తం, ఒక పాలు మందు. అంటే రక్తం పలచబడింది. కాబట్టి వచ్చిన కౌంట్‌ని 1.1తో హెచ్చించాలి. మిషన్ 1,62,000 చూపిస్తే రాయాల్సింది 1,78,200. తెల్ల కణాలకీ ఇదే లెక్క.

రక్తం సగమే పోస్తే? 1.35 మిల్లీలీటర్లకి అదే 0.3 కలిసింది. ఇప్పుడు హెచ్చించాల్సింది 1.22తో, 1.1తో కాదు. గీత వరకు నిండని ట్యూబులో 1.1 లెక్క వేసి సంతకం పెడితే మనం చెప్పేది తప్పుడు అంకె. నిండకపోతే మళ్లీ తీయండి, లేదా ఈ దారి వదిలేయండి. ఒకేసారి రెండు ట్యూబులు తీస్తుంటే బ్లూ ముందు, పర్పుల్ తర్వాత. సిరంజితో తీసినా అదే వరుస.

ఇంకో హెచ్చరిక. కొందరికి సిట్రేట్‌లోనూ ముద్దలు కడతాయి. కాబట్టి బ్లూ ట్యూబు నుంచీ ఒక స్లయిడ్ వేసి తోక చూడకుండా అంకె ఇవ్వొద్దు. గంటలోపే పెట్టండి. సవరించాక కూడా సిట్రేట్ అంకె అసలు కన్నా కొంచెం తక్కువే వస్తుంటుంది. 1,78,200 అయినా 1,90,000 అయినా డాక్టరు నిర్ణయం మారదు. కానీ 48 వేలు, 52 వేలు లాంటి చోట ఆ తేడా మనసులో పెట్టుకోండి.

హిమోగ్లోబిన్, ఎర్ర కణాల అంకెలు మాత్రం పర్పుల్ ట్యూబు నుంచే ఇవ్వండి.

మార్గం 3: వేలి రక్తం, అమ్మోనియం ఆక్సలేట్, ఛాంబర్

పాతకాలపు పద్ధతి అని పక్కన పెట్టేశారు. మిషన్ చెడిపోయినప్పుడు మాత్రమే బయటికి తీస్తారు. నా దృష్టిలో చిన్న ల్యాబుకి ఇంతకన్నా నమ్మకమైన సాక్షి లేదు, ఎందుకంటే ఇందులో ఇడిటిఎ చుక్క కూడా ఉండదు.

వేలు పొడిచి మొదటి చుక్క తుడిచేయండి. పిసకొద్దు. 20 మైక్రోలీటర్ల రక్తం, 1.98 మిల్లీలీటర్ల 1 శాతం అమ్మోనియం ఆక్సలేట్. ఇది నూటికి ఒకటి పలచన. ఎర్ర కణాలు పగిలిపోయి ప్లేట్‌లెట్లు మిగులుతాయి. నూబార్ ఛాంబర్ (కణాలు లెక్కపెట్టడానికి గడులు గీసిన గాజు పలక) నింపి, తడి దూది పెట్టిన పెట్రీ డిష్‌లో మూతేసి 15 నిమిషాలు వదలండి. ప్లేట్‌లెట్లు అడుక్కి దిగుతాయి. కండెన్సర్ కిందికి దించి, 40 లెన్సుతో నడి పెద్ద గడిలోని 25 చిన్న గడులూ లెక్కపెట్టండి. వచ్చిన దానికి మూడు సున్నాలు చేరిస్తే కౌంట్. 165 కనిపిస్తే 1,65,000. నిజంగానే తక్కువ ఉన్నాయనిపిస్తే ఇరవైకి ఒకటి పలచన చేసి 200తో హెచ్చించండి, అంకె నమ్మకంగా వస్తుంది.

ఆక్సలేట్ పాతబడి దుమ్ము పడితే ఆ దుమ్మే ప్లేట్‌లెట్లలా మెరుస్తుంది. వడకట్టి వాడండి. ఇదొక్కటే దీని అసలు బాధ. రోజుకి ఎనభై సిబిసిలు (రక్తకణాల లెక్క పరీక్షలు) చేసే చోట దీనికి టైం దొరకదన్నది నిజమే, కానీ ఇది వేయి మందిలో ఒకరి కోసమే కదా.

ఒక పొరపాటు మాత్రం చేయొద్దు. వేలి నుంచి నేరుగా స్లయిడ్ మీదికి తీసిన చుక్కలో ప్లేట్‌లెట్లు సహజంగానే గుంపులు కడతాయి, మందేమీ కలవలేదు కాబట్టి. ఆ గుంపుల్ని చూసి "ఇక్కడా క్లంప్సే" అని కంగారు పడొద్దు. ఆ స్లయిడ్ చెప్పేది ఒక్కటే: ప్లేట్‌లెట్లు బాగానే ఉన్నాయా, లేవా.

మార్గం 4: స్లయిడ్ మీద అంచనా

మనిషి ఊరెళ్లిపోయాడు, ట్యూబు ఒక్కటే మిగిలింది. అప్పుడు దారి ఇదే. నూనె లెన్సుతో ఎర్ర కణాలు ఒకదానికొకటి తాకీ తాకకుండా ఉన్న చోట పది ఫీల్డులు చూసి, సగటుని 15 వేలతో హెచ్చించడం అలవాటు. కొందరు 20 వేలు అంటారు. ఈ తేడా మైక్రోస్కోపు ఐపీసు వెడల్పుని బట్టి వస్తుంది. అందుకే నేను ఇంకో లెక్క ఇష్టపడతాను. వెయ్యి ఎర్ర కణాలు చూసేలోపు ఎన్ని ప్లేట్‌లెట్లు కనిపించాయో రాసుకోండి. 40 అనుకుందాం. మిషన్ చెప్పిన ఎర్ర కణాలు 45 లక్షలు. వెయ్యికి 40 చొప్పున 1,80,000. ఐపీసుతో పని లేదు.

కానీ ముద్దలు నిండిన స్లయిడ్ మీద ఈ లెక్కలేవీ నిలబడవు. అక్కడ అంకె రాయకండి. "ప్లేట్‌లెట్ల ముద్దలు ఉన్నాయి, చూడగా సరిపడా ఉన్నట్టు కనిపిస్తున్నాయి, సిట్రేట్ శాంపిల్‌తో మళ్లీ చూడాలి" అని రాయండి.

మిగిలినవి, త్వరగా

37 డిగ్రీల వేడి: నీళ్ల బాత్ ఉంటే, రక్తం తీసిన క్షణం నుంచీ ట్యూబుని వేడిలోనే ఉంచి అలాగే మిషన్‌లో పెడితే ముద్దలు తగ్గుతాయి. ఒకసారి గట్టిపడ్డ ముద్దని తర్వాత వేడి చేసి కరిగించడం అన్నిసార్లూ కుదరదు. ఇక్కడే ఒక స్థానిక సంగతి చెప్పాలి. ఊళ్ల నుంచి శాంపిళ్లు తెచ్చే పిల్లలు సీరం ట్యూబులతో పాటు పర్పుల్ ట్యూబుల్నీ థర్మోకోల్ పెట్టెలో ఐసు మీద పెట్టి తెస్తున్నారు. రోహిణి కార్తె ఎండల్లో జాగ్రత్త కోసమే చేస్తున్నారు, తప్పు వాళ్లది కాదు. కానీ కనిగిరి నుంచి ఒంగోలు చేరేసరికి చల్లదనం, సమయం రెండూ కలిసి ముద్దలకి పండగ చేస్తాయి. పర్పుల్ ట్యూబులకి ఐసు తగలని వేరే అర చేయండి.

వోర్టెక్స్: ట్యూబుని ఈ పేరున్న కుదిపే యంత్రం మీద ఒకటి రెండు నిమిషాలు గట్టిగా తిప్పితే కొన్ని ముద్దలు విడిపోతాయి. రోగి దొరకనప్పుడు ప్రయత్నించదగ్గదే, తిప్పాక స్లయిడ్ మళ్లీ చూడాలి.

అమికాసిన్ ఇంజెక్షను ట్యూబులో కలిపితే ముద్దలు విడిపోతాయని పరిశోధనలు ఉన్నాయి, మందుల షాపులో దొరుకుతుంది కూడా. అయినా మోతాదు, పలచన, మన మిషన్ మీద దాని ప్రభావం సరిచూసుకోకుండా రోగి రిపోర్టుకి వాడటం నాకు సమ్మతం కాదు. మెగ్నీషియం ట్యూబులు ఈ పని కోసమే ఉన్నాయి. తెప్పించుకోగల పెద్ద ల్యాబులకి మంచివి. హెపారిన్ ట్యూబు వద్దు, అది తానే ప్లేట్‌లెట్లని రెచ్చగొడుతుంది.

| మార్గం | రోగి కావాలా | ఎప్పుడు మేలు | ఎక్కడ మోసపోతాం |
|---|---|---|---|
| కొత్త పర్పుల్ ట్యూబు, వెంటనే | కావాలి | తీసిన తీరు మీద అనుమానం ఉన్నప్పుడు | ఆలస్యమైతే మళ్లీ ముద్దే |
| బ్లూ ట్యూబు | కావాలి | కచ్చితమైన అంకె కావాల్సినప్పుడు | నిండని ట్యూబు, 1.1 మర్చిపోవడం |
| వేలి రక్తం, ఛాంబర్ | కావాలి | ఇడిటిఎ, సిట్రేట్ రెండూ ముద్దైనప్పుడు | పాత ఆక్సలేట్, అలసిన కళ్లు |
| స్లయిడ్ అంచనా | అక్కర్లేదు | రోగి వెళ్లిపోయాక | ముద్దల మధ్య అంకె వెతకడం |
| వేడి | కావాలి | నీళ్ల బాత్ ఉన్న ఆసుపత్రి ల్యాబు | ఆలస్యంగా వేడి చేయడం |
| వోర్టెక్స్ | అక్కర్లేదు | వేరే దారి లేనప్పుడు | గడ్డ ఉన్న శాంపిల్‌కి వాడటం |

మీరెవరైతే మీకేది

ఒక టెక్నీషియనూ, ఒక చిన్న మిషనూ ఉన్న పల్లె ల్యాబు అయితే: సిబిసి వచ్చేదాకా రోగిని కూర్చోబెట్టండి. ఇదొక్క అలవాటు సగం సమస్య తీరుస్తుంది. లక్షలోపు వచ్చిన ప్రతి కౌంట్‌కీ స్లయిడ్ వేయండి. ముద్దలుంటే బ్లూ ట్యూబు, అందులోనూ ఉంటే వేలి రక్తం. "ఏంది సార్, మళ్లా గుచ్చుతారా? ఇప్పుడేగా తీసింది" అని వాళ్లు విసుక్కుంటారు. "అమ్మా, రక్తం ట్యూబులో అతుక్కుపోయింది, మీ ఒంట్లో కాదు. ఇంకొక్కసారి తీస్తే నెల్లూరు పోయే పని తప్పుతుంది" అని చెప్పండి. ఇలా చెప్పాక చేయి చాపనివాళ్లని నేను చూడలేదు. రెండోసారికి డబ్బు మాత్రం తీసుకోవద్దు.

కలెక్షన్ సెంటర్ అయితే మీ చేతిలో మిషన్ లేదు. కాబట్టి తీసేటప్పుడే, ఇంతకుముందు ఎప్పుడైనా ప్లేట్‌లెట్లు తక్కువని చెప్పి తర్వాత బాగున్నాయన్నారా అని అడగండి. అవునంటే బ్లూ, పర్పుల్ రెండూ తీయండి. తీసిన టైం ట్యూబు మీద రాయండి. అక్కడే ఒక స్లయిడ్ కూడా వేసి ఆరబెట్టి పంపితే పెద్ద ల్యాబులో ఉన్నవాళ్లకి అది బంగారం.

ఆసుపత్రి ల్యాబుల్లో ఖరీదైన మిషన్లకి ప్లేట్‌లెట్లని కాంతితో లెక్కించే వేరే ఛానల్ ఉంటుంది. ఐరన్ లోపంతో ఎర్ర కణాలు చిన్నవైపోయి ప్లేట్‌లెట్లుగా లెక్కపడే చోట, పెద్ద ప్లేట్‌లెట్లు లెక్క తప్పే చోట అది బాగా పనిచేస్తుంది. ముద్దల విషయంలో దాన్నే నమ్ముకోవద్దు. అతుక్కున్న పదింటిని విడదీసి చూపించే పని స్లయిడ్‌దీ, వేరే ట్యూబుదీ. రాత్రి డ్యూటీ అయితే అంకెని కంప్యూటర్‌లో విడుదల చేయకముందే వార్డుకి ఫోన్ చేయండి. విడుదలైన అంకె వాట్సాప్‌లో బంధువులకి చేరాక వెనక్కి రాదు.

డాక్టర్లకొక మనవి. రోగికి రక్తస్రావం లేకుండా, నిన్న రెండు లక్షలున్నది ఇవాళ 30 వేలంటే ముందు ల్యాబుకి ఫోన్ చేసి "స్లయిడ్ చూశారా?" అని అడగండి. అనవసరంగా స్టెరాయిడ్లు, ఎముక మూలుగ పరీక్ష, ప్లేట్‌లెట్ ఎక్కింపుల దాకా వెళ్లిన రోగుల గురించి వైద్య పత్రికల్లో చాలా నివేదికలున్నాయి.

దీనికి రెండో వైపూ ఉంది. ముద్దలు కనిపించగానే కౌంట్ మామూలే అనుకోవడం అంతే ప్రమాదం. ఇడిటిఎ యాంటీబాడీ ఉన్న మనిషికీ డెంగీ వస్తుంది. ముద్దలున్నా, బ్లూ ట్యూబులో నిజంగానే 35 వేలు ఉండొచ్చు. జ్వరం నాలుగో రోజు నుంచీ కౌంట్ చూస్తున్న రోగికి మొదటి రోజే ఏ మార్గం ఎంచుకున్నారో చివరిదాకా అదే పట్టుకోండి. ఇవాళ సిట్రేట్, రేపు స్లయిడ్ అంచనా, ఎల్లుండి పర్పుల్ అయితే పెరుగుతున్నాయో తగ్గుతున్నాయో ఎవరికీ తెలియదు. ఏ పద్ధతిలో చేశారో రిపోర్టులో రాయడం కూడా అందుకే.

చివరిగా చేయాల్సిన పని ఒకటుంది. ఈ గుణం చాలామందిలో ఏళ్ల తరబడి ఉంటుంది. కాబట్టి తేలిన ప్రతి మనిషికీ ఒక చీటీ రాసిస్తున్నాను: "ఈ వ్యక్తి రక్తం ఇడిటిఎ ట్యూబులో ముద్దకడుతుంది. ప్లేట్‌లెట్ కౌంట్ సిట్రేట్ ట్యూబులో చూడండి." తేదీ, ఆ రోజు రెండు ట్యూబుల్లో వచ్చిన అంకెలు కింద వేస్తాను. ఆధార్ కార్డు జిరాక్సు పెట్టుకునే కవర్లోనే దాన్నీ పెట్టుకోమంటాను, ఏ ఊళ్లో ఏ ఆసుపత్రికి వెళ్లినా అది వెంట వెళ్తుంది కనుక.